చదువు చెప్పిన మాస్టారి ఇంటికి వెళ్ళి కృతజ్ఞత తెలపడం ఎలా?

పూర్వ విద్యార్థుల సమ్మేళనమని పేరు పెట్టి, ఫంక్షన్ హాలు వేదిక మీద డజను మంది ఉపాధ్యాయులను వరుసగా కూర్చోబెట్టి, పేరు పిలిచి శాలువా కప్పి ఫొటో తీసి అర నిమిషంలో కిందికి దింపే తంతును సన్మానమని నేను ఒప్పుకోను. మిత్రులతో కలిసి ఎందరో మాస్టార్ల ఇళ్ళకు వెళ్ళి వచ్చిన అనుభవంతో ఈ పద్ధతి చెబుతున్నాను.

ముందుగా, వెళ్ళే రోజు ఎంచుకోవాలి. సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజైన సెప్టెంబరు 5ను 1962 నుంచి ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం కనుక ఆనాడు మాస్టారికి వచ్చే ఫోన్లు ఎత్తడంతోనే సరిపోతుంది. ఏదో ఒక మామూలు ఆదివారం ఉదయం పదింటికి, ఇంట్లోవారికి ముందే చెప్పి వెళ్ళండి. చెప్పకుండా వెళ్ళడం సరదా కాదు, బనియనుతో ఉన్న పెద్దమనిషిని కంగారు పెట్టడం.

తరువాత పళ్ళెం సర్దుకోవాలి: తమలపాకులు, వక్కలు, అరటిపళ్ళు, నూటపదహారు రూపాయలు, మాస్టారికి పంచెల చాపు, అమ్మగారికి చీర, రవికల గుడ్డ. శాలువా వద్దు, మడత విప్పనివి ఆ ఇంటి బీరువాలో ఇప్పటికే ఉంటాయి. శ్రీకాకుళం వైపు నేసే పొందూరు ఖద్దరు పంచె దొరికితే మరో ఆలోచన అక్కరలేదు.

ఇక అందరూ పాడుచేసే ఘట్టం, మాట్లాడటం. గుమ్మంలో అడుగుపెట్టగానే ‘నన్ను గుర్తుపట్టారా?’ అని అడగకూడదు. వేలమందికి పాఠం చెప్పిన మనిషికి ఈ వయసులో పరీక్ష పెట్టి, గుర్తులేదని ఆయన నొచ్చుకునేలా చేయడం కన్నా, పేరు, ఊరు, పదో తరగతి చదివిన సంవత్సరం, ఏ వరుసలో కూర్చునేవారో మీరే చెప్పేయడం మర్యాద.

కృతజ్ఞత చెప్పేటప్పుడు ‘విద్యాదాత, జ్ఞానమూర్తి’ వంటి బిరుదులను పక్కన పెట్టి ఒకే ఒక్క సంఘటన చెప్పండి. నేనైతే, జవాబు తప్పినా లెక్క చేసిన దారి సరైనదేనని మా మాస్టారు సగం మార్కులు వేసి, ఎక్కడ జారిపోయానో ఎర్రసిరాతో చుట్టిన సంగతి చెప్పాను. మీ ఉద్యోగం, జీతం, అమెరికా ప్రయాణాలు ఆయన అడిగితేనే చెప్పాలి, లేకపోతే వచ్చింది ఆయన కోసమా, మీ గొప్ప కోసమా అన్న అనుమానం వస్తుంది.

ఇంతకన్నా సున్నితమైనది మరొకటి ఉంది. పరీక్ష ఫీజు ఆయనే గుట్టుగా కట్టి ఉంటే, ఆ మాట పదిమందిలో ఎత్తకండి. తోటివారు వాకిట్లో చెప్పులు వేసుకుంటుండగా ఒక నిమిషం వెనకబడి, ఆయనకు మాత్రమే వినబడేలా చెప్పండి. ఒక మిత్రుడు అందరి ముందూ చెప్పేసరికి మాస్టారు తల వంచుకుని మాట మార్చడం నేను కళ్ళారా చూశాను.

చెప్పడం రెండు నిమిషాల్లో అయిపోవాలి. ఆ తరువాత బట్టలు పెట్టి, దండం పెట్టి, కాఫీ తాగుతూ వినండి. మీ కథలో సంవత్సరమో, పేరో తప్పని ఆయన దిద్దితే వాదించకండి. ఫొటో లేచేముందు, ఒక్కటే.