బండి జారితే ఏ బట్ట ఎంతసేపు ఆగుతుంది?

గంటకు 50 కిలోమీటర్ల వేగంలో మోటారు సైకిల్ జారిపోతే, తారు రోడ్డు మీద మనిషి ఆగడానికి దాదాపు 2 సెకన్లు పడుతుంది. ఈలోగా 14 మీటర్లు ఈడ్చుకుపోతాడు. అదే 80లో అయితే 3 సెకన్లు దాటుతుంది, 36 మీటర్లు పోతాడు. బట్టకీ తారుకీ మధ్య ఘర్షణ గుణకం (ఒరిపిడి ఎంత గట్టిగా ఆపుతుందో చెప్పే అంకె) 0.7 అనుకుని వేసిన లెక్క ఇది. రోడ్డు తడిగా ఉన్నా, చెన్నై తీరం వెంబడి పోయే ఈస్ట్ కోస్ట్ రోడ్డులోలాగా అంచున ఇసుక పేరుకున్నా ఇంకాస్త దూరం పోతాడు. మామూలు జీన్స్ ప్యాంటు ఒక సెకను నిలిస్తే గొప్ప. ఆ తర్వాత అరిగేది మోకాలి చర్మమే.

రైడింగ్ జాకెట్ కొనడానికి చెన్నైలోని జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్లే ముందు ఒక సంగతి స్పష్టంగా ఉండాలి. పడ్డప్పుడు ఒంటికి రెండు వేరు వేరు దెబ్బలు తగులుతాయి. మొదటిది పైనుంచి కింద పడిన దెబ్బ. సీటు ఎత్తు నుంచి నేలకు చేరేసరికి ఒళ్లు గంటకు 15 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. బండి 30లో ఉన్నా 90లో ఉన్నా ఈ అంకె మారదు. ఆ దెబ్బను ఆపేది లోపలి ప్యాడ్లు, అంటే ఆర్మర్. రెండోది ఒరుసుకుంటూ జారడం. ఇది బండి వేగాన్ని బట్టి పెరుగుతుంది, దీన్ని ఆపేది బట్ట. మంచి ప్యాడ్లున్న పల్చటి జాకెట్ వేసుకుంటే ఎముక నిలుస్తుంది, చర్మం పోతుంది. ప్యాడ్లు లేని మందపాటి తోలు జాకెట్‌తో ఇది తిరగబడుతుంది. స్తంభాన్నో, లారీ వెనక భాగాన్నో గుద్దుకుంటే మాత్రం ఈ రెండూ పెద్దగా అక్కరకు రావు.

ఇంకోటి, ఒళ్లంతా ఒకేలా అరగదు. భుజాలు, మోచేతులు, తుంటి పక్కభాగం, మోకాళ్లు, పిరుదులు, అరచేతులు, చీలమండ బయటివైపు, ఇవే ముందు నేలను తాకుతాయి. ఛాతీ, చంకలు, మోచేతి లోపలి మడత చాలా తక్కువగా తగులుతాయి. అందుకే జాకెట్ ట్యాగ్ మీద పెద్దక్షరాల్లో రాసిన బట్ట పేరును పట్టించుకోకుండా, ఆ బట్ట ఎక్కడ వేశారో వెతకండి.

బట్టల సంగతి

ముందుగా పాలిస్టర్. మన దగ్గర దొరికే చవక జాకెట్లలో 600డి పాలిస్టరే ఎక్కువ. ఈ 'డి' అంటే డెనియర్, 9,000 మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత. 600డి దారం 500డి కంటే లావే, కానీ గట్టిదనం వేరే విషయం. 500డి నైలాన్ చాలాసార్లు 600డి పాలిస్టర్ కంటే ఎక్కువసేపు ఆగుతుంది. కార్డురా పేరుతో జాకెట్లలో వచ్చేది ఎక్కువగా నైలాన్ 6,6 అనే రకం. భుజాల మీదా మోచేతుల మీదా 1000డి నైలాన్, మిగతా చోట్ల 500డి ఉంటే అది రోడ్డు తెలిసినవాళ్లు కుట్టిన జాకెట్. పాలిస్టర్, నైలాన్ 6,6 రెండూ 250 డిగ్రీల సెల్సియస్ దాటాక కరుగుతాయి, ఒరిపిడికి ఆ వేడి ఇట్టే పుడుతుంది. కరిగిన పాలిస్టర్ చర్మానికి అంటుకుందంటే డ్రెస్సింగ్ చేసేటప్పుడు దాన్ని గీకి తీయాలి. మెష్ జాకెట్ కింద పాలిస్టర్ క్రికెట్ టీషర్టు వద్దు, నూలుది వేసుకోండి అనేది ఇందుకే.

మెష్ అంటే వల. చెన్నైలో ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఇది తప్ప ఇంకేదీ ఒంటి మీద నిలవదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే వల రోడ్డు మీద అరగదు, చిరుగుతుంది. రాయి మొన ఏదో ఒక రంధ్రంలో తగులుకుని బారుగా లాగేస్తుంది. మంచి మెష్ జాకెట్‌లో వల ఛాతీకీ, వీపుకీ, చేతి లోపలివైపుకే ఉంటుంది. భుజం మీద నుంచి మోచేతి కింద వరకు బయటివైపంతా వల లేని గట్టి బట్ట ఉండాలి. దుకాణంలో జాకెట్‌ను వెలుతురుకు అడ్డంగా పట్టుకుని చూడండి. మోచేతి బయటివైపున చుక్కలు చుక్కలుగా వెలుతురు కనిపిస్తే దాన్ని మళ్లీ హ్యాంగర్‌కు తగిలించేయండి.

ఇక కెవ్లార్ జీన్స్. చాలామంది మోసపోయేది ఇక్కడే. కెవ్లార్ అరామిడ్ అనే గట్టి కృత్రిమ పోగు జాతి దారం. ఇది కరగదు, దాదాపు 450 డిగ్రీలు దాటాకే పాడవడం మొదలవుతుంది. పై డెనిమ్ అరిగిపోయాక లోపలున్న పసుపురంగు అల్లిక రోడ్డుకూ చర్మానికీ మధ్య నిలబడుతుంది. ఉంటే నిలబడుతుంది. చవక ప్యాంట్లలో మోకాలి మీద ఒక ముక్క, పిరుదుల మీద ఒక ముక్క వేసి వదిలేస్తారు, మనిషి పడేదేమో తుంటి పక్కకి. కొనే ముందు ప్యాంటును తిరగేయండి. పసుపు అల్లిక నడుము నుంచి మోకాలి కింద ఒక జానెడు వరకు, రెండు పక్కల నిలువు కుట్టును కూడా దాటి, ఎక్కడా తెగకుండా ఉండాలి. రెండు ముక్కల మధ్య ఖాళీ ఉంటే ప్యాంటు సరిగ్గా అక్కడే పోతుంది. నేసిన గుడ్డలాంటి లైనింగ్ కన్నా టవల్‌లా ఉచ్చులు ఉచ్చులుగా అల్లిన లైనింగ్ మెరుగు. రోడ్డు లాగినప్పుడు అది వెంటనే తెగకుండా సాగుతుంది.

లైనింగ్ లేకుండా ఒకే పొరతో వచ్చే రైడింగ్ జీన్స్ కూడా ఉన్నాయి. డెనిమ్ దారంలోనే డైనీమా లాంటి అతి బలమైన పాలిథీన్ పోగు కలిపి నేస్తారు. నున్నటి పోగు కాబట్టి రోడ్డును పట్టుకోకుండా జారుతుంది, చల్లగా కూడా ఉంటుంది, మద్రాసు ఎండకు బాగా సరిపోతుంది. కానీ ఇది 150 డిగ్రీల లోపే కరుగుతుంది. నున్నదనమే దాని బలం, ఆ పోగు శాతం తగ్గే కొద్దీ అది మామూలు డెనిమ్‌కు దగ్గరవుతుంది. శాతం ఎంతో, (కింద లేబుల్ దగ్గర చెప్పే) క్లాసు ఏదో రాయని ఒక్కపొర జీన్స్‌కు డబ్బు పెట్టకండి.

తోలు మాట చెన్నైలో వేరుగా చెప్పుకోవాలి. పెరియమేట్‌లో తోలు టోకున దొరుకుతుంది. ఆంబూరు, వాణియంబాడి, రాణిపేటల చర్మశుద్ధి కర్మాగారాలు ఇక్కడికి దగ్గరే. కాబట్టి కొలతలిచ్చి కుట్టించుకోవాలన్న ఆశ సహజం. కానీ అక్కడ వేలాడే జాకెట్లలో చాలావరకు ఫ్యాషన్ సరుకు, 0.6 నుంచి 0.8 మిల్లీమీటర్ల మేక తోలో గొర్రె తోలో. రోడ్డుకు కావాల్సింది 1.2 నుంచి 1.4 మిల్లీమీటర్ల ఆవు లేదా గేదె తోలు. ఆ మందంలో, మంచి కుట్టుతో ఉంటే ఒరిపిడిని అది తట్టుకున్నట్టు మామూలు జాకెట్ బట్టలేవీ తట్టుకోలేవు. వేలితో నొక్కి మందం చెప్పేస్తామనుకోవద్దు, చిన్న వెర్నియర్ క్యాలిపర్ జేబులో వేసుకెళ్లి అంచు దగ్గర కొలవండి. 'ఒరిజినల్ లెదర్ సార్' అన్న మాటకు విలువ ఇవ్వకుండా కత్తిరించిన అంచును చూడండి. తోలైతే పీచు పీచుగా ఉంటుంది. రెగ్జినైతే పైన ప్లాస్టిక్ పొర, కింద గుడ్డ అల్లిక కనిపిస్తాయి. రెగ్జిన్ జాకెట్ రోడ్డు మీద మామూలు చొక్కా కంటే కాస్త నయం, అంతే.

కుట్టించేటప్పుడు దర్జీకి రెండు మాటలు చెప్పాలి. దారం బాండెడ్ (పోగులు విడిపోకుండా పూత పట్టించిన) నైలాన్ లేదా పాలిస్టర్ కావాలి, నూలు దారం పనికిరాదు. భుజం, చేయి కలిసేచోట కనీసం రెండు వరుసలు వేసి, అందులో ఒకటి లోపల దాగేలా మడిచి కుట్టాలి. బయటకు కనిపించే దారం మొదట్లోనే అరిగిపోతుంది. అలాగని కుట్లు మరీ దగ్గర దగ్గరగా పడితే తోలు తపాలా బిళ్ల అంచులా గీత వెంబడి చిరిగిపోతుంది.

లేబుల్ చదవడం

మన దేశంలో హెల్మెట్‌కు ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి. జాకెట్‌కు అలాంటి కట్టడి లేదు, అందుకని యూరప్ ప్రమాణాలనే చూసుకోవాలి. 'సీఈ' అన్న రెండక్షరాలు చూసి సంబరపడొద్దు. చాలా జాకెట్లలో ఆ ముద్ర లోపలి ప్యాడ్లకే ఉంటుంది, పై బట్టను ఎవరూ పరీక్షించి ఉండరు. బట్టకు కావాల్సిన నంబరు ఈఎన్ 17092. జాకెట్ లోపల కుట్టిన లేబుల్ మీద బండి నడిపే మనిషి బొమ్మ, పక్కన ఏఏఏ, ఏఏ, ఏ, బి, సి అన్న క్లాసుల్లో ఒకటి ఉంటాయి. పరీక్షలో బట్ట ముక్కను గిరగిరా తిప్పి కాంక్రీటు పలక మీదికి వదిలి, అది ఆగేలోపు రంధ్రం పడిందా అని చూస్తారు. ఎక్కువగా తగిలే భాగాలకు ఏఏఏలో 120 కిలోమీటర్ల వేగానికి సమానమైన పరీక్ష, ఏఏలో 70, ఏలో 45. బి క్లాసు బట్ట 'ఏ' క్లాసు లాంటిదే, ప్యాడ్లు మాత్రం ఉండవు. సి అంటే ప్యాడ్లను ఒంటికి పట్టి ఉంచే వల చొక్కా మాత్రమే, దానికి ఒరిపిడి రక్షణ లేదు. ఈ వేగాలు ప్రయోగశాల లెక్కలు. 70లో పడితే ఏమీ కాదని ఏ లేబులూ హామీ ఇవ్వదు.

ఊళ్లో ఆఫీసుకు తిరిగేవాళ్లకు 'ఏ' క్లాసు చాలు. తిరుత్తణి, పుత్తూరు మీదుగా తిరుపతికో, హైవే మీద నెల్లూరుకో పోయేవాళ్లు ఏఏ కంటే కిందికి దిగకూడదు.

ప్యాడ్ల మీద ముద్ర వేరు. భుజం, మోచేయి, మోకాలు, తుంటి ప్యాడ్లకు ఈఎన్ 1621-1, వీపు ప్యాడ్‌కు 1621-2. లెవెల్ 1 మోచేతి ప్యాడ్ దెబ్బలో సగటున 35 కిలోన్యూటన్ల (ఇది బలానికి కొలత) వరకు లోపలికి వదులుతుంది, లెవెల్ 2 అయితే 20 వరకు. వీపుకైతే 18, 9. చాలా జాకెట్లకు వీపు దగ్గర పల్చటి స్పాంజి ముక్క పెట్టి అమ్ముతారు. దాన్ని తీసేసి అదే కొలతలో లెవెల్ 2 వీపు ప్యాడ్ కొనుక్కోండి, పెట్టిన డబ్బుకు దీనికి మించిన లాభం ఇంకెక్కడా లేదు. మన ఎండకు ఇంకో గుర్తు కూడా వెతకాలి. 'టి ప్లస్' అని ఉంటే ఆ ప్యాడ్‌ను 40 డిగ్రీల దగ్గర కూడా పరీక్షించారని అర్థం. మెత్తగా ఉండి దెబ్బ తగలగానే బిగుసుకునే రకం ప్యాడ్లు వేడికి మరీ మెత్తబడతాయి, అందుకే ఆ గుర్తుకు విలువ.

ఒంటి మీద నిలిచిందా లేదా

2011లో వెలువడిన ఒక ఆస్ట్రేలియా పరిశోధన ప్రమాదాల్లో పడ్డ 212 మంది రైడర్లను, వాళ్ల బట్టలను పరిశీలించింది. బండి కోసమని కుట్టిన జాకెట్లలో 29.7 శాతం, ప్యాంట్లలో 28.1 శాతం, గ్లవ్స్‌లో 25.7 శాతం చిరిగో అరిగో విఫలమయ్యాయి. రైడింగ్ బట్టలు వేసుకున్నవాళ్లు ఆసుపత్రిలో చేరడం తక్కువేనని కూడా అదే పరిశోధనలో తేలింది. అంటే వేసుకోవాల్సిందే, చూసి వేసుకోవాలి.

చూడాల్సింది ఇలా. జాకెట్ వేసుకుని, జిప్పు పూర్తిగా పెట్టి, బండి మీద కూర్చుని హ్యాండిల్ పట్టుకోండి. పక్కన ఇంకొకరిని మోచేతి ప్యాడ్ పట్టుకుని పక్కకు తిప్పమనండి. ఎముక మొన ప్యాడ్ నుంచి బయటికొస్తే ఆ ప్యాడ్ ఉన్నా లేనట్టే. చేతికున్న పట్టీలు బిగించి మళ్లీ చూడండి, అప్పటికీ తిరిగితే ఒక సైజు తగ్గించండి. చలికాలం లైనర్ (జాకెట్ లోపల తగిలించే వెచ్చటి పొర) వేసుకుని సైజు చూడకండి, చెన్నైలో అది బీరువాలోనే ఉంటుంది. తర్వాత జాకెట్ వెనక అంచు పట్టుకుని మెడ వైపు గట్టిగా లాగించండి. నడుము బయటపడితే, రోడ్డు మీద జారేటప్పుడూ అంతే. జాకెట్‌నూ ప్యాంటునూ కలిపే జిప్పు ఉన్నది అందుకే, దాన్ని వాడేవాళ్లే తక్కువ.

గ్లవ్స్‌కు మణికట్టు పట్టీ తప్పనిసరి. అది బిగించాక వేళ్ల కొసలు పట్టి లాగితే చేతి నుంచి ఊడకూడదు. పడ్డప్పుడు అరచేతులు తమంతట తామే ముందుకు వెళ్తాయి. అరచేతి మొదట్లో నున్నటి గట్టి ముక్క ఉంటే చేయి జారుతుంది. లేకపోతే చేయి రోడ్డును పట్టేసి మణికట్టు ఎముక విరుగుతుంది. బూట్లు చీలమండ దాటాలి. క్యాన్వాస్ బూట్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు.

ఉతుకు, ఎండ, బూజు

ఉతికే ముందు ప్యాడ్లన్నీ తీసేయాలి. కెవ్లార్‌కు క్లోరిన్ బ్లీచ్ తగలకూడదు, దారం బలం పోతుంది. ఎండలో ఆరేసినా అంతే, మిద్దె మీద తీగకు కాకుండా నీడలో తిరగేసి ఆరేయండి. పాలిథీన్ పోగు జీన్స్‌ను ఇస్త్రీ చేయకూడదు. తోలుకు ఇక్కడి చెమట, ఉక్కపోత రెండూ శత్రువులే. వేసుకున్న ప్రతిసారీ తడిగుడ్డతో లోపలి ఉప్పు తుడిచి, ఫ్యాను కింద ఆరనిచ్చి, వెడల్పు హ్యాంగర్‌కు తగిలించండి. ప్లాస్టిక్ కవర్లో పెడితే నవంబరు వానలకు వారంలో బూజు పడుతుంది.

ఒకసారి పడ్డాక జాకెట్‌ను తిరగేసి కుట్లను రెండు చేతులతో విడదీసి చూడండి. సందులో వెలుతురు కనిపించినా, లోపలి పొర దాకా అరిగినా దాని పని అయిపోయినట్టే. వీధి చివర దర్జీ వేసే అతుకు చూడటానికి బాగుంటుంది కానీ రోడ్డు మీద నిలవదు. పగుళ్లు పట్టిన ప్యాడ్‌నూ, నొక్కితే మళ్లీ పొంగని ప్యాడ్‌నూ పారేయండి. గట్టి దెబ్బ తిన్న వీపు ప్యాడ్ పైకి బాగానే కనిపించినా మార్చేయండి.