షెడ్డు దాటకముందే చూసుకోండి

మెకానిక్ ఎంత నమ్మకస్తుడైనా, రిపేరు చేసిన బండిని ఒకసారి మీరే చూసుకోండి. డిస్క్ బ్రేకు ప్యాడ్లు మార్చి ఉంటే, కదిలేముందు లివర్‌ను గట్టిపడేదాకా నాలుగైదుసార్లు నొక్కాలి. ప్యాడ్లు వేసేటప్పుడు, వాటిని డిస్కుకు నొక్కే పిస్టన్‌ను వెనక్కి నెడతారు కాబట్టి మొదటి నొక్కుకు బ్రేకు పట్టదు.

వెనక చక్రం విప్పారా? ఇరుసు నట్టుతో పాటు, డ్రమ్ బ్రేకు పలకను ఆపి ఉంచే కడ్డీ నట్టునూ, దాని పిన్నునూ తప్పకుండా చూడండి. నా బండికి ఒకసారి ఆ పిన్ను పెట్టడం మరిచిపోయారు. నట్టు వేలితో తిప్పితేనే తిరిగింది! ఆ కడ్డీ ఊడితే బ్రేకు నొక్కగానే పలక తిరిగిపోయి చక్రం బిగుసుకుపోవచ్చు. వెనక ఇరుసు దగ్గర చైను బిగువు సర్దే గుర్తులు రెండువైపులా ఒకే గీత మీద ఉండాలి. ఆయిల్ మార్చి ఉంటే, రాత్రి బండి కింద పాత పేపరు పరచండి. చుక్క పడితే పొద్దున కనిపిస్తుంది.