మన నోరు మనమే చదువుకుందాం – 4వ పాఠం: మూలన ఇరుక్కున్న పన్ను

పోయిన పాఠంలో అద్దం ముందు నిలబడి పళ్లు లెక్కపెట్టుకోమన్నాను. ముందు పళ్ల నడిమి సందు నుంచి ఒక పక్కకు లెక్కపెడితే కొందరికి ఏడొస్తాయి, కొందరికి ఎనిమిది. ఆ ఎనిమిదోదే జ్ఞానదంతం. ఏడే ఉన్నాయని టెన్షన్ పడకండి. కొందరికి ఆ పన్ను అసలు పుట్టదు, కొందరికి పుట్టి కూడా ఎముకలోనే ఉండిపోతుంది. మీది ఏ రకమో ఎక్స్‌రేలోనే తెలుస్తుంది.

జ్ఞానదంతం మామూలుగా 17 నుంచి 25 ఏళ్ల మధ్య వస్తుంది. (బుద్ధొచ్చే వయసని ఆ పేరు. నాకు మాత్రం సరిగ్గా పరీక్షల ముందు వచ్చి ఉన్న బుద్ధిని కూడా పోగొట్టింది.) అప్పటికే దవడంతా నిండిపోయి ఉంటుంది. సంక్రాంతి బస్సులో చివర ఎక్కినవాడు నిటారుగా నిలబడగలడా? ఈ పన్నూ అంతే, చోటు చాలక ఒరిగిపోతుంది.

ఇవాళ్టి అసలు పని ఆ ఒరుగుడును చదవడం. ఇంట్లో ఎవరిదైనా పాత ఓపీజీ ఉంటే, అంటే రెండు దవడలూ ఒకేసారి కనిపించే పెద్ద ఎక్స్‌రే, కిటికీ వెలుగుకు పట్టుకోండి. మీ కుడి దవడ అందులో ఎడమవైపు ఉంటుంది, మొదట్లో అందరూ పొరపడేది ఇక్కడే. ఏడో పన్ను నిలువునా వేలితో ఒక గీత ఊహించుకోండి, ఎనిమిదోదానికీ ఇంకొకటి. రెండు గీతలూ సమాంతరంగా ఉంటే పన్ను నిటారుగానే ఉన్నట్టు. ఎనిమిదోది ఏడోదాని మీదికి వాలి ఉంటే ముందుకు ఒరిగినట్టు. ఎక్కువమందిలో కనిపించేది ఇదే. పూర్తిగా అడ్డంగా పడుకున్నవీ ఉంటాయి, వెనక్కి వాలేవి తక్కువ. కింది దవడలో వేర్ల దగ్గర రెండు సన్నని తెల్ల గీతలు సాగడం చూశారా? వాటి మధ్య నుంచే కింది పెదవికీ గడ్డానికీ స్పర్శనిచ్చే నరం వెళుతుంది. పన్ను తీసేముందు డాక్టరు ఆ చోటుని అంత సేపు చూసేది అందుకే.

బాగా ఇబ్బంది పెట్టేది సగం బయటికొచ్చి ఆగిన పన్ను. దాని మీద చిగురు టోపీలా కప్పి ఉంటుంది. ఆ టోపీ కింద అన్నం మెతుకులు చేరి కుళ్లుతాయి, చిగురు వాస్తుంది, వాచిన చిగురుని పైపన్ను కొరుకుతుంది. గోరువెచ్చని ఉప్పునీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది, మూడు నాలుగు రోజుల్లో తగ్గిపోవచ్చు కూడా. మనం మోసపోయేది అక్కడే. నొప్పి పోయినా టోపీ అలాగే ఉంది కదా, నెల తిరిగాక మళ్లీ వాస్తుంది. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ ఆ టోపీని తీసేయదు. రెండోసారి వాచిందంటే డెంటిస్టు దగ్గరికి వెళ్లాల్సిందే.

నొప్పి లేని జ్ఞానదంతాన్ని ముందుజాగ్రత్తగా తీయించాలా? బ్రిటన్‌లో నైస్ అనే ప్రభుత్వ సంస్థ 2000లోనే, జబ్బు లేని జ్ఞానదంతాన్ని ఊరికే తీయొద్దని చెప్పింది. నాకూ అదే సబబనిపిస్తుంది. కాకపోతే ముందుకు ఒరిగిన పన్నుని గమనిస్తూ ఉండాలి. ఆ సందులో ఆహారం ఇరుక్కుని, బంగారంలాంటి ఏడో పన్ను చప్పుడు లేకుండా పుచ్చిపోతుంది.

ఇప్పుడు అభ్యాసం. చూపుడు, మధ్య, ఉంగరం వేళ్లు కలిపి నిలువుగా పై, కింది ముందు పళ్ల మధ్య పెట్టండి. మామూలుగా మూడూ పడతాయి. ఎన్ని పడ్డాయో ఇవాళ రాసిపెట్టుకోండి. వాపు వచ్చిన రోజున ఒక్క వేలే పడుతుంటే అదే రోజు డెంటిస్టు దగ్గరికి వెళ్లండి. జ్వరం, చీము ఉన్నా అంతే. దవడ కింద మెడ వాచి గుటక పడకపోయినా, ఊపిరి ఆడకపోయినా అర్ధరాత్రయినా సరే, పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లాలి.

వచ్చే పాఠంలో పన్ను తీశాక మొదటి 24 గంటలు. ఉమ్మొద్దని, స్ట్రాతో తాగొద్దని ఎందుకంటారో చూద్దాం. మీ ఓపీజీ దొరికితే దగ్గర పెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది.