తమ్ముడి ఫోన్లో ‘స్టఫ్’ అన్న మాట కనిపిస్తే

బెంగళూరు బీటీఎం లేఅవుట్‌లోనో మారతహళ్లిలోనో అన్నదమ్ములు ఒకే గదిలో ఉంటున్నారు. తమ్ముడి ఫోన్లో ‘స్టఫ్ ఉందా?’ అని మెసేజ్ కనబడింది. ఊరికి ఫోన్ కొట్టేముందు ఆ మాట సంగతి తేల్చుకోండి. మందు దగ్గర స్టఫ్ అంటే పల్లీలు, చికెన్ ముక్కలు. ఇంకో గుంపులో గంజాయి. కన్నడ కుర్రాళ్లు ‘ఎణ్ణె’ అంటే అది నూనె కాకపోవచ్చు, మందు కావచ్చు. ‘సొప్పు’ ఆకుకూరా కావచ్చు, గంజాయీ కావచ్చు. ‘ఫోర్ ట్వంటీ’ మనకు మోసగాడు, పాత శిక్షాస్మృతిలో 420వ సెక్షన్ పుణ్యమా అని. (2024 జూలై 1 నుంచి ఆ నేరం కొత్త భారతీయ న్యాయ సంహితలో 318(4)కి మారింది, తిట్టు మాత్రం మారలేదు.) ఇంగ్లిష్ యాసలో అదే అంకె గంజాయికి గుర్తు. కాబట్టి ఒక్క మాట పట్టుకుని తీర్పు చెప్పొద్దు. పక్కన పేపర్, రోల్ (చుట్టడం), జాయింట్ (చుట్టిన గంజాయి), స్కోర్ (సరుకు సంపాదించడం) లాంటి మాటలున్నాయేమో చూడండి.

ఆ తర్వాత మీ నోటి మాటల మీద ఓ కన్నేయండి. జబ్బు తగ్గించేదీ మందే, సీసాలోదీ మందే. దానికి నైంటీ, క్వార్టర్, హాఫ్, ఫుల్ అని కొలతలతో సహా ముద్దుపేర్లున్నాయి. ‘అప్పుడప్పుడు పుచ్చుకుంటాడు’ అంటే పెళ్లి సంబంధం వాళ్లు కూడా సర్దుకుంటారు. గంజాయికి అలాంటి వాక్యమే లేదు. ఉన్నదల్లా ‘గంజాయి వనంలో తులసి మొక్క’, ‘గంజాయి బ్యాచ్’. ఈ రెండోది మీ నోట వచ్చిందా, వాడిక నోరు విప్పడు.

‘తాగుతున్నావా?’ అని అడిగితే లాభం లేదు. తెలుగులో నీళ్లూ తాగుతాం, సిగరెట్టూ తాగుతాం. ‘ఒరేయ్, గంజాయి గురించే అడుగుతున్నా. ఇవాళ నాన్నకి చెప్పను. ఎప్పట్నుంచి, వారానికి ఎన్నిసార్లు, ఒక్కడివేనా, పొగాకు కలుపుతావా, మందుతో పాటా?’ అని విడివిడిగా అడగండి. మత్తు దిగాకే, ఇద్దరే ఉన్నప్పుడు. ‘నువ్వు శనివారం హాఫ్ కొడితే తప్పులేదా అన్నా?’ అని వాడు ఎదురడగడం ఖాయం. అక్కడ కోప్పడితే మాట అక్కడితో తెగిపోతుంది. వాడి మాటలో నిజముంది, ఒప్పుకోండి. రోజూ బాగా తాగేవాడు మందు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పి ప్రాణం మీదికీ రావచ్చు. అందుకే మందు మాన్పించడం గదిలో చేసే పని కాదు. గంజాయి మానితే నిద్ర పట్టదు, చిరాకు, తిండి సయించదు. ఇది మొదటి వారంలో ఎక్కువగా ఉండి, మామూలుగా రెండు మూడు వారాల్లో తగ్గుతుంది. అలాగని గంజాయి తేలికని కాదు. లేని గొంతులు వినిపిస్తున్నాయన్నా, అందరూ తన మీద కుట్ర చేస్తున్నారన్నా అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. ఇంట్లో ఎవరికైనా మానసిక జబ్బు ఉంటే ఈ ముప్పు ఇంకా ఎక్కువ.

చట్టం మాత్రం రెండింటినీ ఒకేలా చూడదు. 1985 నాటి మత్తుపదార్థాల చట్టం (ఎన్‌డీపీఎస్) కింద గంజాయి ఒక కిలో దాకా ‘చిన్న మొత్తం’, అయినా నేరమే: ఏడాది దాకా జైలు, లేదా పదివేల దాకా జరిమానా, లేదా రెండూ. తాగినందుకే ఆరు నెలల దాకా జైలు పడొచ్చు. గది మీ అధీనంలో ఉండి, తెలిసీ అందులో తాగనిస్తే 25వ సెక్షన్ మీ మెడకూ చుట్టుకుంటుంది. ఇది చాలామంది అన్నలకు తెలియదు. ఇంకో వైపు 64ఎ సెక్షన్ ఉంది. వ్యసనపరుడు తానుగా ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన ఆసుపత్రిలో చికిత్సకు చేరి పూర్తి చేస్తే, వాడకం, చిన్న మొత్తం కేసుల్లో విచారణ నుంచి మినహాయింపు దొరుకుతుంది. మధ్యలో మానేస్తే అది పోవచ్చు. వీధి చివర మత్తు మాన్పించే కేంద్రం బోర్డు చూసి చేర్పిస్తే దెబ్బతినేది ఇక్కడే, గుర్తింపు కాగితం ముందే అడగండి.

బెంగళూరులో అయితే హోసూర్ రోడ్డులోని కేంద్ర ప్రభుత్వ మానసిక వైద్యశాల నిమ్హాన్స్‌లో వ్యసన చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. ముందు ఫోన్లో మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలి మానస్ 14416, మత్తు విముక్తి సహాయానికి 14446. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. వెళ్లేరోజు ఒక కాగితం మీద గంజాయి లెక్కతో పాటు మందు లెక్క కూడా రాసుకోండి. క్వార్టర్లలో రాసినా డాక్టరుకి అర్థమవుతుంది.