క్రాస్‌హెయిర్ జారుతోందా? రైఫిల్ స్కోప్‌లో పారలాక్స్: సమస్య - పరిష్కారం

సమస్య: రైఫిల్ కదలడం లేదు. తల కాస్త అటూ ఇటూ జరిపితే మాత్రం క్రాస్‌హెయిర్ టార్గెట్ మీద జారుతోంది.

కారణం: టార్గెట్ ప్రతిబింబం స్కోప్ లోపల సరిగ్గా రెటికల్ (క్రాస్‌హెయిర్ గీతలు) ఉన్నచోట పడటం లేదు, దానికి కాస్త ముందో వెనకో పడుతోంది. అందుకే కన్ను జరిగినప్పుడల్లా రెండూ విడివిడిగా కదిలినట్టు అనిపిస్తుంది. దీన్నే పారలాక్స్ అంటారు.

పరిష్కారం: రైఫిల్ ఖాళీగా ఉందని చాంబర్ (తూటా ఉండే గది) తెరిచి చూసుకోండి. సురక్షితమైన వైపు తిప్పి ఇసుక సంచుల మీద కదలకుండా పెట్టండి. మొదట సరిచేయాల్సింది ఐపీస్‌ని, అంటే కన్ను పెట్టే వైపు లెన్స్‌ని. చాలామంది దీన్ని వదిలేసి నేరుగా సైడ్ నాబ్ (స్కోప్ పక్కన పారలాక్స్ సరిచేసే నాబ్) పట్టుకుంటారు, సగం తలనొప్పి అక్కడే మొదలవుతుంది. ఖాళీ ఆకాశాన్ని చూస్తూ (సూర్యుడి వైపు మాత్రం వద్దు), చూసిన మరుక్షణమే రెటికల్ స్పష్టంగా కనిపించేదాకా ఐపీస్ తిప్పండి. తదేకంగా చూస్తే కన్ను తనంతట తానే సర్దుకుని మోసం చేస్తుంది. అందుకే ఒక్క క్షణం చూసి, చూపు మళ్లించి, మళ్లీ చూడాలి.

ఇప్పుడు జూమ్ పెంచి టార్గెట్ చూడండి. తల మెల్లగా ఊపుతూ, రెటికల్ కదలడం ఆగేదాకా సైడ్ నాబ్ తిప్పండి. నాబ్ మీది దూరాల అంకెలు ఉజ్జాయింపు మాత్రమే, వాటిని నమ్ముకోవద్దు.

సమస్య: బొమ్మ స్పష్టంగానే ఉంది, అయినా జారుతోంది.

ఐపీస్ సరిగ్గా కుదరలేదు. మళ్లీ మొదటినుంచి చేయండి. అప్పటికీ కొద్దిగా తేడా మిగిలితే, బొమ్మ స్పష్టత కన్నా రెటికల్ నిలకడకే నా ఓటు.

సమస్య: స్కోప్‌కి నాబే లేదు.

పారలాక్స్ ఫ్యాక్టరీలోనే ఒక దూరానికి సెట్ చేసి ఉంటుంది. సెంటర్‌ఫైర్ (పిన్ను తూటా అడుగున మధ్యలో కొట్టే) రైఫిళ్ల స్కోపుల్లో సాధారణంగా 100 గజాలు, రిమ్‌ఫైర్ (అడుగు అంచున కొట్టే, .22 లాంటి) వాటిలో ఎక్కువగా 50. మిగతా దూరాల్లో కన్ను మధ్యలో ఉంచడమే మందు. చెంప ప్రతిసారీ స్టాక్ (రైఫిల్ వెనక భాగం) మీద అదే చోట ఆనాలి. తల కాస్త వెనక్కి జరిపినప్పుడు అంచున కనిపించే నల్లటి నీడ చుట్టూ సమానంగా ఉంటే కన్ను మధ్యలో ఉన్నట్టే.

సమస్య: గ్రూప్ (టార్గెట్ మీద తూటాల గుంపు) చెదిరిపోతోంది. పారలాక్స్ వల్లేనా?

లెక్క వేసి చూడండి. టార్గెట్ దూరానికీ, సెట్ చేసిన దూరానికీ మధ్య తేడాని సెట్ చేసిన దూరంతో భాగించి, ఆబ్జెక్టివ్ (స్కోప్ ముందు లెన్స్) వ్యాసంలో సగంతో గుణించండి. 40 మిల్లీమీటర్ల లెన్స్, 100 గజాల సెట్టింగ్ అయితే 200 గజాల దగ్గర గురి మధ్య నుంచి ఒకవైపు గరిష్ఠంగా 20 మిల్లీమీటర్లు, 300 దగ్గర 40 తప్పుతుంది. అదీ కన్ను పూర్తిగా అంచుకు వెళ్లినప్పుడే. మీ తూటాలు అంతకంటే దూరంగా పడుతుంటే పారలాక్స్‌ని ఒక్కదాన్నే నిందించి లాభం లేదు. స్కోప్‌ని రైఫిల్‌కి బిగించే రింగుల స్క్రూలు, మౌంట్, ట్రిగ్గర్ నొక్కే తీరు చూసుకోండి.