కోసినా మళ్లీ మొలిచే పులిపిర్లు: టీకా ఎప్పుడు పనికొస్తుంది?

సమస్య: అరికాల్లో గట్టి బుడిపె. అడుగేస్తే గులకరాయి గుచ్చుకున్నట్టు నొప్పి.

ముందు అది ఆనెకాయో పులిపిరో తేల్చుకోండి. ఆనెకాయని పైనుంచి నొక్కితే నొప్పి. పులిపిరిని రెండు పక్కల నుంచి చిదిమితే ఎక్కువ నొప్పి. చర్మం గీతలు పులిపిరి దగ్గర తెగిపోతాయి, లోపల ఆవగింజల్లాంటి నల్ల చుక్కలు కనబడతాయి. అవి వేళ్లు కావు, రక్తం గడ్డకట్టిన సన్నటి నాళాలు. ఇది తెలియక నేను ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుకున్నాను. విశాఖ ఆర్కే బీచ్‌లో పొద్దున్నే నడిచే అలవాటు మూడు నెలలు పోయింది.

సమస్య: ఒకటి కోస్తే చుట్టూ నాలుగు లేచాయి.

కారణం హెచ్‌పీవీ అనే వైరస్. ఇది చర్మం పైపొరలోనే కాపురం పెడుతుంది, రక్తంలోకి దిగదు. అందుకే ఒంట్లోని రక్షణ వ్యవస్థకి అది సరిగ్గా కంటపడదు. బ్లేడు, రేజరు, గోళ్లు కొరకడం దాన్ని పక్క చర్మానికి అంటిస్తాయి. రోజంతా తడి చేతులతో చేపలు కోసే మన ఫిషింగ్ హార్బర్ వాళ్లకి గాట్లు పడుతూనే ఉంటాయి కాబట్టి మరింత జాగ్రత్త కావాలి. సున్నం, సోడా పెట్టి కాల్చుకోకండి, పుండు మిగులుతుంది.

ఒకటి రెండే ఉంటే సాలిసిలిక్ యాసిడ్ మందో, ద్రవ నైట్రోజన్‌తో గడ్డకట్టించడమో చాలు. పిల్లల్లో చాలావరకు రెండేళ్లలో వాటంతటవే రాలిపోతాయి.

ఎన్నో ఉండి, తీసినా తిరిగొస్తుంటే అప్పుడు టీకా మాట. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకి వేసే ఎంఎంఆర్ టీకాని చర్మ వైద్యులు కొద్ది మోతాదులో అన్నిటికన్నా పెద్ద పులిపిరిలోకి ఎక్కిస్తారు. సాధారణంగా రెండు మూడు వారాలకోసారి, కొన్ని విడతలు. ఒంటికి ఆ టీకా చాలామందిలో పాత పరిచయమే. దాన్ని తరమడానికి వచ్చిన రక్షణ కణాలు అక్కడే నక్కిన హెచ్‌పీవీని కూడా గుర్తుపడతాయి. సూది తగలని చేతి పులిపిరి కూడా ఎండిపోవడం ఇందుకే. నాకు ఈ వైద్యంలో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. అందరికీ పనిచేయదు. సూది నొప్పి, ఒకరోజు జ్వరం ఉండొచ్చు. ఇది బతికున్న వైరస్ టీకా కాబట్టి గర్భిణులకీ, రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లకీ వద్దు.

సమస్య: హెచ్‌పీవీ టీకా వేయించుకుంటే ఉన్న పులిపిర్లు పోతాయా?

ఆ ఆశతో వేయించుకోకండి. అది ముందే అడ్డుకునే టీకా. గర్భాశయ ముఖ క్యాన్సర్ తెచ్చే 16, 18 రకాలు, జననేంద్రియ పులిపిర్లు తెచ్చే 6, 11 రకాలు దాని గురి. చేతులు, కాళ్ల మీదవి ఎక్కువగా 1, 2, 4 లాంటి వేరే రకాలు. ఇంట్లో 9-14 ఏళ్ల ఆడపిల్ల ఉంటే మాత్రం క్యాన్సర్ కోసం తప్పకుండా వేయించండి. 2023లో మన దేశంలోనే తయారైన సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకా కూడా వచ్చింది.

షుగర్ ఉన్నవాళ్లు కాలి బుడిపెని ఇంట్లో ముట్టుకోవద్దు. రక్తం కారుతున్నా, గబగబా పెరుగుతున్నా వెంటనే కేజీహెచ్ (విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మ విభాగం ఓపీలోనో, దగ్గర్లోని స్కిన్ డాక్టరు దగ్గరో చూపించండి.