బరువైన కోత యంత్రాన్ని లాగే గార్డెన్ ట్రాక్టర్: కొనేముందు, కట్టేముందు

గడ్డి మోకాలు దాటే కాలం వస్తోందనగానే చాలామందికి ఒకే ఆలోచన వస్తుంది. పచ్చిక కోసే చిన్న ట్రాక్టర్ ఉండనే ఉంది, దాని వెనక సొంత ఇంజనున్న పెద్ద కోత యంత్రాన్ని తగిలిస్తే మేత బయలు పని రెండు పూటల్లో తెమిలిపోతుంది కదా అని. ఆలోచన మంచిదే. చిక్కంతా ట్రాక్టర్ ఎంపికలో వస్తుంది. బానెట్ మీద 24 అని రాసి ఉంటే 18 కంటే మేలనుకుని హార్స్‌పవర్ చూసి కొనేస్తారు. ఈ పనికి ఆ అంకె అన్నిటికంటే చివర చూడాల్సింది.

ఎందుకో ఒక మోటు లెక్క వేద్దాం. మూడున్నర, నాలుగు అడుగుల వెడల్పున కోసే ఇలాంటి యంత్రాలు సుమారు 250 నుంచి 300 కిలోలు తూగుతాయి. బ్లేడ్లు తిప్పే ఇంజను వాటికే ఉంది కనుక ట్రాక్టర్ చేయాల్సింది ఈడ్చుకెళ్లడమే. ట్రాక్టర్ 350 కిలోలు, మనిషి 80, యంత్రం 300 అనుకుంటే మొత్తం 730. గడ్డి నేల మీద ఇంత బరువు దొర్లడానికి 65 కిలోల లాగుడు కావాలనుకోండి. 5 డిగ్రీల ఎక్కుడు తగిలితే ఇంకో 64 కలుస్తాయి. గంటకు 5 కిలోమీటర్ల వేగంతో పోతే ఇదంతా కలిపి 3 హార్స్‌పవర్ కూడా పట్టదు.

ఇక టైర్ల సంగతి. పొడి గడ్డి మీద రబ్బరు టైరు తన మీద పడిన బరువులో దాదాపు సగం మేరకే లాగగలదు. మంచు పడిన గడ్డి మీద అదీ ఉండదు. వెనక చక్రాల మీద 280 కిలోలు పడుతున్నాయనుకుంటే లాగుడు 140 దగ్గర ఆగిపోతుంది. మనకు కావాల్సింది 129. అంటే ఒక మాదిరి వాలుకే అంచుకు వచ్చేశాం. ఆపైన ఇంజను ఎంత పెద్దదైనా చక్రాలు ఉన్నచోటే తిరుగుతూ మట్టి చిమ్ముతాయి. ఎక్కలేకపోతే ఇంకో దారి చూసుకోవచ్చు. దిగుడులో ఆ వీలు లేదు. బ్రేకు కూడా ఆ టైర్ల పట్టు మీదే ఆధారపడుతుంది, వెనక నుంచి తోసే యంత్రానికేమో సొంత బ్రేకు ఉండదు. అందుకే కొనేటప్పుడు ‘ఇది లాగుతుందా’ అని అడిగే ముందు ‘ఇది ఆపగలదా’ అని అడగాలి.

చాలా మాన్యువళ్లలో ఉండే సూత్రం ఇది: లాగే బరువు ట్రాక్టర్, దానికి కట్టిన అదనపు బరువులు, నడిపే మనిషి, ఈ మూడింటి మొత్తాన్ని మించకూడదు. అది చదునైన నేల మాట. వాలు మీద ఇంకా తగ్గించాలి. మీరు చూస్తున్న మోడల్ మాన్యువల్‌లో ఇంతకంటే చిన్న అంకె ఉంటే అదే లెక్క. అమ్మేవారి హామీ దాని ముందు నిలవదు.

లాన్ ట్రాక్టర్, గార్డెన్ ట్రాక్టర్ దూరం నుంచి అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. దగ్గరికి వెళ్లి వంగి చూడండి. లాన్ ట్రాక్టర్ చట్రం వంచిన రేకుతో చేసి ఉంటుంది, వెనక టైరు సాధారణంగా 20 అంగుళాలు, బరువు 200 కిలోల చుట్టుపక్కల. గార్డెన్ ట్రాక్టర్‌కు మందమైన ఇనుప చట్రం, చాలావాటికి పోత ఇనుముతో చేసిన ముందు ఇరుసు, 23 అంగుళాల వెనక టైర్లు ఉంటాయి. బరువు 300 పైచిలుకు. అసలు తేడా మాత్రం సీటు కింద, వెనక గేర్‌బాక్స్‌లో ఉంటుంది.

తేలికపాటి హైడ్రోస్టాటిక్ గేర్‌బాక్స్ (పంపు నూనె ఒత్తిడితో చక్రాలను తిప్పే రకం) పచ్చిక కోయడానికి చేసింది. బరువు తగిలించి గంటసేపు లాగిస్తే లోపలి నూనె వేడెక్కి పలచబడుతుంది, పంపు ఒత్తిడి నిలుపుకోలేదు. పెడల్ చివరంటా తొక్కినా బండి కదలదు. నాకు ఇది జరిగింది సరిగ్గా ఎక్కుడు మధ్యలో. ఇంజను హాయిగా మోగుతోంది, ట్రాక్టర్ మాత్రం ముందు ఆగి, తర్వాత మెల్లగా వెనక్కి జారడం మొదలుపెట్టింది. వెనకున్న యంత్రం పక్కకు మడత పడి, దాని ఇనుప కడ్డీ నా టైరుకు ఆనుకుని ఆగింది కాబట్టి సరిపోయింది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు అదే ఎక్కుడును అదే బండి అవలీలగా ఎక్కింది. కనుక పాత బండి కొంటే ఐదు నిమిషాలు తిప్పి చూసి డబ్బు చేతిలో పెట్టకండి. అరగంట నడిపి, బాగా వేడెక్కాక వాలు ఎక్కించి చూడండి. అమ్మేవారు దీనికి విసుక్కుంటే ఆ విసుగే మీకు జవాబు. గేర్‌బాక్స్‌లో నూనె మార్చే ఏర్పాటు ఉందో లేదో కూడా అడగండి. చాలా తేలిక రకాలకు అది సులువుగా కుదరదు.

బ్రేకు గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. ఈ చిన్న ట్రాక్టర్లలో చాలావాటికి బ్రేకు చక్రాలకు విడివిడిగా కాక గేర్‌బాక్స్ లోపలి షాఫ్టుకు ఉంటుంది. గుంతలో పడి ఒక వెనక చక్రం నేలను వదిలితే, డిఫరెన్షియల్ (రెండు చక్రాలూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక) వల్ల గాల్లో ఉన్న చక్రం వెనక్కి తిరిగిపోతుంది, నేల మీదున్న చక్రానికి బ్రేకు అందదు. వెనక చక్రాలకు ఇనుప బరువులు బిగించడం, టైర్లలో ద్రవం నింపించడం ఇందుకే, లాగుడు కోసం మాత్రమే కాదు. నున్నటి లాన్ టైర్లు కూడా మార్చి, గట్లు తేలిన టైర్లు వేయిస్తే మేలు.

యంత్రాన్ని తగిలించే వెనక పలకను, అంటే హిచ్ ప్లేటును, చేత్తో తడిమి చూడండి. నేను చూసిన ఒక పాత బండికి ప్లేటు రంధ్రం గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారంలో సాగిపోయి, దాని అంచు నుంచి వెంట్రుకంత పగులు వెనక్కి పాకి ఉంది. పైన కొత్త రంగు వేశారు. మందం తక్కువైన ప్లేటుకు పచ్చిక ఊడ్చే బండి తగిలించవచ్చు కానీ 300 కిలోల యంత్రాన్ని తగిలించకూడదు. దొరికిన బోల్టు దూర్చి సరిపెట్టుకోకుండా, రంధ్రానికి సరిపడే గట్టి పిన్ను, దానికి తాళం క్లిప్పు వాడాలి. కలిపే చోటు ఎప్పుడూ ఇరుసు కంటే కిందనే ఉండాలి. యంత్రం కడ్డీ అందడం లేదని ఎత్తుగా సీటు దగ్గర గొలుసు కట్టి లాగితే ముందు చక్రాలు లేచి ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. ఈ బండ్లలో చాలావాటికి మనిషిని కాపాడే రోల్ బార్ ఉండదు.

మీ నేల వాలు ఎంతో కంటితో తేల్చకండి, కంటి అంచనా తరచూ తప్పుతుంది. ఒక మీటరు పొడవున్న తిన్నని చెక్క తీసుకుని, ఒక కొసను వాలు మీద ఆనించి, రసమట్టం పెట్టి చదునుగా పట్టుకోండి. రెండో కొస కింద ఖాళీ 9 సెంటీమీటర్లయితే వాలు 5 డిగ్రీలు, పదిహేడున్నర అయితే 10. ఇలాంటి ట్రాక్టర్లకు 15 డిగ్రీలు దాటవద్దని మాన్యువళ్లలో తరచూ కనిపిస్తుంది, కానీ అది వెనక ఏమీ లేనప్పటి మాట. బరువు తగిలిస్తే 10, కొన్నిటికి 5 అని వేరే పేజీలో రాసి ఉంటుంది. ఆ పేజీ వెతకండి. బయలులో ఎక్కువ భాగం 10 దాటితే గార్డెన్ ట్రాక్టర్ మాట మరిచిపోయి, పెద్ద ట్రాక్టరున్న వారిచేత కూలికి కోయించుకోవడమే నయం.

వాలు మీద నిలువుగా ఎక్కండి, నిలువుగా దిగండి. దిగడం మొదలుపెట్టక ముందే వేగం తగ్గించాలి. గేరు బండి అయితే మధ్యలో క్లచ్ తొక్కకూడదు. మలుపులు వెడల్పుగా తీసుకోవాలి, ఎందుకంటే యంత్రాన్ని సాధారణంగా ఒక పక్కకు జరిపి కడతారు, అది ట్రాక్టర్‌ను ఆ వైపు గుంజుతూనే ఉంటుంది.

సీటు కింది స్విచ్చు ఉందిలే అనే ధైర్యం ఇక్కడ పనికిరాదు. మీరు కింద పడితే ఆ స్విచ్చు ట్రాక్టర్ ఇంజనును ఆపుతుంది. వెనకున్న యంత్రం ఇంజను వేరు, దానికి మీరు పడ్డ సంగతి తెలియదు. సీటులోంచే దాన్ని ఆపే తీగో స్విచ్చో ఉన్న యంత్రాన్నే కొనండి, ప్రతి ఉదయం ఒకసారి పనిచేయించి చూడండి. ఆపిన తర్వాత కూడా బ్లేడ్లు కాసేపు తిరుగుతాయి.

కోతకు ముందు బయలంతా కాలినడకన ఒకసారి తిరగాలి. తీగ ముక్కలు, రాళ్లు, మొద్దులు, బొరియలు, కందిరీగ గూళ్లు కనిపించిన చోట కర్ర పాతి గుడ్డ కట్టండి. పిల్లలను, పశువులను బయలు బయటే ఉంచాలి. ఇంజను ఆగి వేడి తగ్గాకే పెట్రోలు పోయాలి. సైలెన్సర్ చుట్టూ చేరే ఎండుగడ్డిని గంటకోసారి దులపకపోతే నిప్పంటుకుంటుంది.

పని ముగిశాక తొందర వద్దు. యంత్రాన్ని చదును మీదికి తెచ్చి, రెండు ఇంజన్లూ ఆపి, దాని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాకే పిన్ను తీయండి. పిన్ను బిగుసుకుని రాకపోతే యంత్రం ఇంకా ట్రాక్టర్‌ను తోస్తోందన్నమాట. అప్పుడు సుత్తితో కొట్టకుండా, ట్రాక్టర్‌ను కాస్త ముందుకో వెనక్కో జరిపి, రాళ్లు మళ్లీ సర్ది తీయాలి.